టీమ్‌లో తలో డిపార్ట్‌మెంట్, ఊళ్లో ఫ్లోరైడ్ సమస్య: పని ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (బీటెక్ సీఎస్‌ఈ, మూడో సంవత్సరం):
అందరికీ నమస్కారం. మా యూనివర్సిటీలో ఈ సెమిస్టర్ కొత్త కోర్సు పెట్టారు. వేర్వేరు డిపార్ట్‌మెంట్ల వాళ్లని ఐదుగురేసి కలిపి, ఒక్కో టీమ్‌కి ఒక్కో ఊరి సమస్య ఇచ్చారు. మా టీమ్‌లో ఇద్దరం సీఎస్‌ఈ, ఒకరు సివిల్, ఒకరు ఎమ్మెస్సీ న్యూట్రిషన్, ఒక అక్క ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్). మాకు కనిగిరి వైపు ఊరు వచ్చింది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. సెన్సర్ పెట్టి, రీడింగ్ యాప్‌లో కనిపించేలా చేద్దామని మేమిద్దరం అనుకున్నాం. అక్కేమో ముందు ఊరికి వెళ్లాల్సిందే అంటోంది. కోడింగ్ ఇప్పుడే మొదలుపెట్టకపోతే టైం చాలదని నాకు టెన్షన్. న్యూట్రిషన్ అమ్మాయికి ఏ పని ఇవ్వాలో కూడా తోచడం లేదు. దయచేసి చెప్పండి.

జవాబు (సివిల్ బోధిస్తాను, ఇలాంటి టీమ్‌లకి గైడ్‌గా ఉన్నాను):
బాబూ, ముందు సెన్సర్ సంగతి. మార్కెట్‌లో చవకగా దొరికే టీడీఎస్ మీటర్ ఫ్లోరైడ్‌ని చూపించదు. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఒక అంకె ఇస్తుంది, అంతే. ఫ్లోరైడ్‌ని విడిగా కొలిచే ఎలక్ట్రోడ్ ఖరీదైనది. దాన్ని తరచూ సరిచూసుకోవాలి, కొలత సరిగ్గా రావడానికి శాంపిల్‌లో బఫర్ అనే ద్రావణం కలపాలి. బోరు దగ్గర బిగించేసి వదిలేసే వస్తువు కాదు. ఊళ్లో పరీక్షకి రంగు చూసి చెప్పే ఫీల్డ్ టెస్ట్ కిట్ ఉంటుంది. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకి ఈ పరీక్ష నేర్పించాలని నియమం ఉంది. మీ ఊళ్లో వాళ్లెవరో కనుక్కోండి, మీ మొదటి పరిచయం వాళ్లతోనే కావాలి. ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం.

ఊరికి ముందే ఎందుకు వెళ్లాలో ఒక నిజం కథ చెబుతాను. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఇలాంటి కోర్సులోనే ఒక టీమ్‌కి చవకైన ఇంక్యుబేటర్ (నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టె) తయారుచేయమని పని ఇచ్చారు. ఆ టీమ్‌లోనూ ఎంబీఏ, ఎలక్ట్రికల్, కంప్యూటర్ సైన్స్ వాళ్లు కలిసే ఉన్నారు. వాళ్లలో కంప్యూటర్ సైన్స్ చదివిన అబ్బాయి నేపాల్ వెళ్లి చూస్తే ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు ఖాళీగా ఉన్నాయి. నెలలు నిండని పిల్లలు పుట్టేది దూరపు పల్లెల్లో, ఆసుపత్రి దాకా చేరలేకపోతున్నారు. దాంతో పని మొత్తం మారిపోయింది. కరెంటు లేకుండా కొన్ని గంటలు 37 డిగ్రీల వేడిని నిలిపే మైనం లాంటి పదార్థం సంచీలో పెట్టి, బిడ్డని చుట్టే చిన్న పడక తయారుచేశారు. అదే ఎంబ్రేస్. ఆ అబ్బాయి కాలిఫోర్నియాలోనే కూర్చుని ఉంటే చవకైన గాజుపెట్టె చేసేవాళ్లు, దాన్ని వాడేవాళ్లు ఉండేవాళ్లు కాదు.

జవాబు (ఇలాంటి కోర్సు చేసి ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాను):
తమ్ముడూ, మేం చేసిన తప్పు నువ్వు చేయొద్దు. మేం మొదటి రోజే పని ముక్కలు చేసుకున్నాం: నువ్వు యాప్, నువ్వు సర్వే, నువ్వు రిపోర్ట్. చివరికి మూడు విడి ప్రాజెక్టులు తయారయ్యాయి, ఒకటి చెప్పింది ఇంకొకదానికి అతకలేదు. మొదటి రెండుసార్లు ఐదుగురూ కలిసే వెళ్లండి. ఫారాలు పట్టుకెళ్లకండి. ఒక ఇంట్లో పొద్దున ఆరింటి నుంచి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఏ బిందెలోకి, ఏ పనికి వెళ్తున్నాయో చూడండి చాలు.

జవాబు (డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలిని):
న్యూట్రిషన్ అమ్మాయికి పని ఇవ్వడం గురించి అడిగారు. ఫ్లోరైడ్ ఊళ్లో అసలు పని ఆ అమ్మాయిదే అనిపిస్తోంది నాకు. కాల్షియం తక్కువగా తినే పిల్లలకి ఫ్లోరైడ్ హాని ఎక్కువ. ఇంటి ఆహారం సంగతి తనే అడగగలదు. ఇంకొకటి, లాగ్‌బుక్ రోజూ రాయండి. ఆంధ్రప్రదేశ్‌లో మా పిల్లలు చేసే 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో కూడా నేను ముందు చూసేది అదే. ఏ రోజు ఏ అభిప్రాయం మార్చుకున్నారో, ఎందుకో అందులో ఉంటే మార్కుల గురించి భయపడక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు (పది రోజుల తర్వాత):
అందరికీ ధన్యవాదాలు. ఆదివారం ఐదుగురం వెళ్లాం. ఊళ్లో ఆర్వో ప్లాంటు ఉంది, తాగడానికి చాలామంది డబ్బా నీళ్లే తెచ్చుకుంటున్నారు. కానీ అన్నం, పప్పు, టీ అన్నిటికీ బోరు నీళ్లే. "వంటకి కూడా డబ్బా నీళ్లా? కాగుతాయి కదా" అంది ఒకామె. న్యూట్రిషన్ అమ్మాయి అప్పటికప్పుడు పట్టుకుంది ఆ మాట. నిజంగా నీళ్లు కాగితే ఫ్లోరైడ్ పోదా?

జవాబు (సివిల్ గైడ్):
పోదు. ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది. లెక్క వేసి చూడు. లీటరుకి 3 మిల్లీగ్రాములున్న నీళ్లు లీటరు పోసి కుక్కర్లో అన్నం వండితే, ఆ 3 మిల్లీగ్రాములూ అన్నంతోనే లోపలికి వెళ్తాయి. అత్తెసరు పెట్టినా అంతే. గంజి వారిస్తే, ఆ గంజి తాగకపోతే, కొంత బయటికి పోతుంది. ఎంత పోతుందో మీరే కొలవండి. అదే బియ్యం, అదే నీళ్లు, రెండు రకాలుగా వండి, వార్చిన గంజిని ల్యాబ్‌కి పంపండి. ఆ గంజి పశువుల కుడితిలోకి పోతుందేమో కూడా అడగండి, వాటికీ మంచిది కాదు.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతి గురించి మీ సివిల్ అబ్బాయి చదివే ఉంటాడు. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. పని చేస్తుంది. కానీ మోతాదు నీటిని బట్టి మారుతుంది, అడుగున చేరిన మడ్డిని రోజూ ఎవరో ఒకరు తీసి పారబోయాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది తేలకుండా దాని జోలికి వెళ్లకండి.

ప్రశ్న అడిగినవారు:
యాప్ పక్కన పెట్టేశాం. వంటకి నెలకి అదనంగా ఎన్ని డబ్బాలు కావాలో, ఒక్కో ఇంటికి ఎంత ఖర్చో నేను లెక్క కడుతున్నాను. అక్క ఆ ఖర్చు భరించలేని ఇళ్లు ఏవో కనుక్కుంటోంది. శనివారం ఆరు ఇళ్ల నుంచి గంజి శాంపిల్ తెస్తున్నాం. సీసాలు గాజువా, ప్లాస్టిక్‌వా?

జవాబు (సివిల్ గైడ్):
ప్లాస్టిక్‌వే. ఫ్లోరైడ్ శాంపిల్‌కి గాజు వాడరు. ఏ శాంపిల్ నింపుతారో దానితోనే సీసాని రెండుసార్లు కడిగి నింపండి, మీద ఇల్లు, తేదీ, బోరు నంబరు రాయండి. గంజి చిక్కగా ఉంటుంది కాబట్టి ల్యాబ్ వాళ్లకి ముందే ఫోన్ చేసి చెప్పండి.