ఊళ్లోకి పరిశ్రమ వస్తోందని మీకు ఎప్పుడు, ఎలా తెలిసింది?

జీడితోట, భీమిలి వైపు

మాది భీమిలి అవతల ఒక మెట్ట పల్లె. సంక్రాంతి వెళ్లాక కొలతలవాళ్లు వచ్చి జీడితోటల మధ్య ఎర్ర రంగుతో నంబర్లు వేసిన రాళ్లు పాతి వెళ్లారు. ఎందుకని అడిగితే ఒకరు రీసర్వే అన్నారు, ఇంకొకరు రోడ్డు అన్నారు. గ్రామ సచివాలయంలో తమకు కాగితమేదీ రాలేదని చెప్పారు. మండల కార్యాలయంలో మాత్రం ‘పైనుంచి వచ్చిన పని, వివరాలు మా దగ్గర లేవు’ అని తేల్చేశారు. ఈలోగా విశాఖ నుంచి కార్లలో వస్తున్నవాళ్లు రోడ్డు పక్క, రైతుల సొంత హక్కున్న జిరాయితీ భూములకు బయానాలిచ్చి వెళ్తున్నారు. ఊరికి తెలియని సంగతి వాళ్లకెలా తెలిసిందో ఎవరూ చెప్పడం లేదు. నేను పరిశ్రమకు వ్యతిరేకిని కాను, మా అబ్బాయి కూడా ఉద్యోగం కోసం చూస్తున్నవాడే. ఏ దశలో, ఎవరి దగ్గర, ఏ కాగితం అడగాలో అనుభవమున్నవారు చెప్పగలరని ఇక్కడ రాస్తున్నాను.

అచ్యుతాపురం వాసి

జీడితోట గారూ, మా అనుభవం చెబుతాను. మా వైపు భూములు తీసుకున్నప్పుడు పారిశ్రామికవాడ అన్నారే తప్ప అందులోకి ఏ కంపెనీలు వస్తాయో, అవి ఏం తయారు చేస్తాయో ఎవరూ చెప్పలేదు. ఆ తరువాత ఒక మందుల కంపెనీ విస్తరణ సంగతి తెలిసి ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడని అడిగితే, అనుమతి పొందిన పారిశ్రామికవాడ లోపలి యూనిట్లకు అది అవసరం లేదన్నారు. కోపం వచ్చింది కానీ, తరువాత చదివి చూస్తే నిబంధనలో నిజంగానే అలా ఉంది. వాడ మొత్తానికి ముందుగా ఒక్కసారి సభ పెడితే, లోపలికొచ్చే యూనిట్లకు మళ్లీ పెట్టనక్కర్లేదు. ఆ ఒక్కసారి సభ జరిగేనాటికి లోపలికి ఏ రసాయనాలు వస్తాయో ఎవరికీ తెలియదు కాబట్టి, జనం అడగవలసిన అసలు ప్రశ్న అడిగే చోటే లేకుండా పోతోంది. 2024 ఆగస్టు 21న ఇక్కడి సెజ్‌లో పేలుడు జరిగి 17 మంది చనిపోయినప్పుడు, పక్క ఊళ్లవాళ్లకు ఆ గోడల లోపల ఏమున్నదో తెలిసింది వార్తల ద్వారానే.

విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, గాజువాక

రెండు వేర్వేరు ప్రక్రియలను జనం ఒకటిగా అనుకుంటున్నారు కాబట్టి విడదీసి చెబుతాను. మొదటిది భూమికి సంబంధించినది. 2014 జనవరి 1 నుంచి అమలులో ఉన్న 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం, సేకరణకు ముందు సామాజిక ప్రభావ అధ్యయనం చేయాలి, దానిపై ఊళ్లో బహిరంగ విచారణ జరపాలి, ప్రైవేటు కంపెనీకైతే ప్రభావిత కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం సమ్మతి తీసుకోవాలి. అయితే మన రాష్ట్రం 2018లో ఈ చట్టానికి సవరణ చేసి, పారిశ్రామిక కారిడార్ల వంటి కొన్ని పనులకు ఈ అధ్యయనం నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం తెచ్చుకుంది. పైగా ప్రభుత్వ భూమి, పోరంబోకు అయితే సేకరణ అన్న మాటే రాదు, ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డి-పట్టా భూములను వెనక్కి తీసుకుని పరిహారం ఇస్తారు. అందుకే మన మెట్ట ప్రాంతంలో ముందుగా సర్వే రాళ్లు పడేది డి-పట్టాల్లోనే.

రెండవది పర్యావరణానికి సంబంధించినది. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ కింద కాలుష్య నియంత్రణ మండలి నిర్వహించే సభ ఇదే. మనం ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అని పిలిచేది దీన్నే. ఇది చాలాచోట్ల భూమి చేతులు మారాకే జరుగుతుంది. పెళ్లయ్యాక జాతకాలు చూసినట్టు ఉంటుంది వ్యవహారం. నా సర్వీసులో నేను గమనించింది ఒక్కటే: సభను ఎవరూ దాచరు, దానికి ముందు జరిగే పనినే దాస్తారు. సర్వే నంబర్ల జాబితా, భూమి కేటాయింపు ప్రతిపాదన, నీటి కేటాయింపు, ఈ మూడూ సభకు చాలా ముందే కదులుతాయి.

ప్లాంటు ఇంజినీరు

ఇక్కడ అందరూ గోప్యతను కుట్రగానే చూస్తున్నారు, రెండో పక్క కూడా వినండి. పెట్టుబడి కోసం రాష్ట్రాలు పోటీ పడుతున్నప్పుడు, ఒప్పందం కుదరకముందే స్థలం పేరు బయటపడితే ఎకరం ధర నెలలోనే రెట్టింపై ప్రాజెక్టు పక్క రాష్ట్రానికి వెళ్లిపోవచ్చు. కంపెనీలు తయారీ పద్ధతిని పోటీదారులకు చెప్పకపోవడం కూడా న్యాయమే. రాంబిల్లి దగ్గరి నౌకాదళ స్థావరం వంటివాటికి బహిరంగ విచారణ నుంచి మినహాయింపు ఉండడాన్ని ఎవరూ తప్పుపట్టరు కదా.

విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, గాజువాక

రక్షణ ప్రాజెక్టు సంగతి వేరు, అందులో మీతో ఏకీభవిస్తాను. ధరల వాదన మాత్రం మన కళ్లముందే వీగిపోతోంది. గోప్యత నిజంగా పాటిస్తే జీడితోట గారి ఊళ్లోకి బయానాలవాళ్లు ఎలా వచ్చారు? తెలియవలసినవాడికి ముందే తెలుస్తోంది, తెలియనిది అమ్ముకునే రైతుకే. తక్కువ ధరకు అమ్ముకున్నవాడు ఆరు నెలల తరువాత పేపర్లో కంపెనీ పేరు చూసి తల పట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను.

నీటి లెక్క, మధురవాడ

ఇంజినీరు గారు తయారీ రహస్యం అన్నారు, మరి నీటి వాడకం కూడా రహస్యమేనా? అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలోని ద డాల్స్ అనే చిన్న ఊళ్లో గూగుల్ డేటా సెంటర్లు ఎంత నీరు వాడుతున్నాయో చెప్పాలని ఒక పత్రిక అడిగితే, అది వ్యాపార రహస్యమంటూ నగరపాలక సంస్థే కోర్టుకు వెళ్లింది. చివరకు 2022 డిసెంబరులో దావా వదులుకుని లెక్కలు బయటపెడితే, ఊరి మొత్తం వాడకంలో పావు వంతుకు పైగా వాటికే వెళ్తోందని తేలింది. మన విశాఖలో 2025 అక్టోబరులో అదే గూగుల్ 1500 కోట్ల డాలర్ల ప్రాజెక్టు ప్రకటించింది కనుక ఈ ఉదాహరణ గుర్తుంచుకోవడం అవసరం. 2006 నోటిఫికేషన్‌లో భవన నిర్మాణాల పద్దు కిందికి వచ్చే ప్రాజెక్టులకు బహిరంగ విచారణ లేదని కూడా తెలుసుకోండి. అంటే పొగ గొట్టం లేని పరిశ్రమ ఎంత పెద్దదైనా, ఊరివాళ్లు మైకు పట్టుకునే సందర్భం చట్టప్రకారమే రాకపోవచ్చు. నీళ్లు, కరెంటు ఎక్కడినుంచి తెస్తారన్నది మాత్రం వాళ్లు ఎక్కడో ఒకచోట దరఖాస్తులో రాసి తీరాలి, అడగవలసింది ఆ కాగితమే.

సభలకు వెళ్లేవాడు, పరవాడ

నేను చూసిన సభల తీరు చెబుతాను. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన రావాలి. వస్తుంది కూడా, కానీ మా ఊళ్లోకి రాని ఎడిషన్‌లో, టెండర్ల పక్కన. పర్యావరణ ప్రభావ నివేదిక ప్రతులు కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూసుకోవచ్చంటారు. అసలు నివేదిక ఇంగ్లీషులో వందల పేజీలుంటుంది, తెలుగులో దొరికేది సారాంశం మాత్రమే. గాలి దిశ, భూగర్భ జలం లెక్కలున్న పట్టికలు ఆ సారాంశంలో తరచుగా ఉండవు.

సభ రోజు షామియానా, వెదురు బారికేడ్లు, ముందు వరుసల్లో మనం ఎరుగని ముఖాలు. వాళ్లు బస్సుల్లో వస్తారు, మైకు మొదట వాళ్లకే అందుతుంది, ఉద్యోగాలు వస్తాయని చెప్పి దిగిపోతారు. మత్స్యకార మహిళలు మాట్లాడే వేళకు అధికారులు గడియారం చూసుకుంటూ ఉంటారు. చివర్లో సభలో వచ్చిన అంశాలన్నీ స్థానిక భాషలో చదివి వినిపించాలన్నది నిబంధన. ఒక సభలో అది చదువుతున్నప్పుడు జనమంతా భోజనం పొట్లాల వరుసలో ఉన్నారు. వినడానికి మేం నలుగురం మాత్రమే నిలబడ్డాం, ఉప్పుటేరులోకి వదిలే వేడినీటి గురించి మావాళ్లు అడిగిన ప్రశ్న అందులో లేదని అప్పటికప్పుడు లేచి చెప్పాం, చేర్చారు. కనుక ఆఖరు నిమిషం వరకు ఉండండి. సభలో ఓటింగు ఉండదు, కోరం ఉండదు, ఎంతమంది వద్దన్నా అది ఆటోమేటిగ్గా అనుమతిని ఆపదు. వీడియోలో, మినిట్స్‌లో నమోదైన ప్రశ్నకు మాత్రం కంపెనీ తుది నివేదికలో జవాబు రాయాలి. నోటితో చెప్పింది చాలదు, రాసి ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి.

సోంపేట చుట్టం

ఆ ప్రశ్న నమోదు కావడం ఎంత ముఖ్యమో మా అత్తగారి ఊరివైపు చూశాం. బీల చిత్తడి నేలల్లో థర్మల్ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని, 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయిన రోజునే, జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది. రోడ్డు మీద పోరాటంతోపాటు కాగితం మీది పోరాటం కూడా నడిచింది కాబట్టే ఆ తీర్పు వచ్చింది. ఆర్.ఆర్.వెంకటాపురంలో దీనికి విరుద్ధం. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ విషవాయువు లీకై 12 మంది పోయిన తరువాతే, ఆ సంస్థ తగిన పర్యావరణ అనుమతి లేకుండానే విస్తరించిందన్న సంగతి, దాన్ని తానే 2019లో ప్రమాణపత్రంలో ఒప్పుకున్న సంగతి ఊరివాళ్లు విన్నారు. ఆ కాగితం ఏడాదిపాటు ఫైల్లో ఉంది.

స.హ. దరఖాస్తుదారు

సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజుల గడువు ఉంది. ఎక్కువగా వచ్చే తిరస్కరణ సెక్షన్ 8(1)(డి), అంటే వ్యాపార రహస్యం. దాన్ని చూసి ఆగిపోకండి. అదే క్లాజులో విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చని ఉంది, 4(1)(సి) ప్రకారం ప్రజలపై ప్రభావం చూపే నిర్ణయాల వివరాలు అడగకముందే ప్రచురించాలి. కంపెనీ ఏది అని అడిగితే తప్పించుకుంటారు. ఫలానా సర్వే నంబర్లలో రాళ్లు పాతడానికి ఆధారమైన ఆదేశం నకలు, తేదీతో సహా ఇవ్వమని అడగండి, దాన్ని వ్యాపార రహస్యం అనడం కష్టం. పర్యావరణ అనుమతుల దరఖాస్తులుండే కేంద్రం పరివేష్ పోర్టల్‌లో మండలం పేరుతో వెతకండి, అధ్యయన నిబంధనల కోసం కంపెనీ పెట్టిన దరఖాస్తు సభకు చాలా ముందుగానే అక్కడ కనిపించవచ్చు.

అనంతగిరి నుంచి

మా ఏజెన్సీలో పరిస్థితి చట్టరీత్యా మీకన్నా బలమైనదే. 1997లో సమతా తీర్పు వచ్చింది మా మండలం లీజుల మీదే, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టం, అంటే పెసా ప్రకారం భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలి. ఆచరణలో సభ జరిగినట్టు తీర్మానం మాత్రం పుస్తకంలో కనిపిస్తుంది, సంతకాల్లో ఆ రోజు సంతకు వెళ్లినవాళ్లవీ ఉంటాయి. తీర్మానాల పుస్తకం నకలు ప్రతి మూడు నెలలకోసారి తీసుకోవడం మేం అలవాటు చేసుకున్నాం. మైదానంలో గ్రామసభకు అంత బలం లేకపోయినా, ఒడిశాలోని నియమంగిరి కొండ మీద బాక్సైట్ గనిని 2013లో 12 గ్రామసభలు వద్దన్నాక అది ఆగిపోయిన సంగతి అధికారులందరికీ తెలుసు.

జీడితోట, భీమిలి వైపు

అందరికీ కృతజ్ఞతలు. నాకున్న భూమిలో ఎకరంన్నర డి-పట్టా, మిగతాది జిరాయితీ. పట్టాదారు పాసుపుస్తకం మా నాన్నగారి పేరుతోనే ఉంది. దరఖాస్తులో రెండింటి సర్వే నంబర్లూ కలిపి రాయనా?

విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, గాజువాక

వేర్వేరుగా రెండు దరఖాస్తులు పెట్టండి, డి-పట్టాకు కారణం ఒకటి చెబుతారు, జిరాయితీకి మరొకటి. ముందుగా భూమి రికార్డులైన అడంగల్, 1-బి నకళ్లు తీసుకుని మీ నాన్నగారి పేరు నుంచి మార్పిడికి దరఖాస్తు పెట్టి రసీదు దగ్గర పెట్టుకోండి, నోటీసు వచ్చినప్పుడు అది మీ చేతికే రావాలి. రిజిస్ట్రేషన్లు జరగని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో మీ జిరాయితీ నంబరు కొత్తగా చేరిందేమో కూడా చూసుకోండి.