బుడగలు లేకుండా, కాగితాలతోనే పాప పుట్టినరోజు డెకరేషన్. తక్కువ ఖర్చులో ఎట్లా?

కొర్లగుంట అమ్మ:

అందరికీ నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంటలో అద్దె ఇల్లు. వచ్చే ఆదివారం మా పాపకి ఐదో పుట్టినరోజు. దానికి బుడగలంటే చచ్చేంత భయం. పక్కింట్లో ఒకటి టప్‌మన్నా చెవులు మూసుకుని నా చున్నీలో దూరిపోతుంది. అందుకే ఈసారి కాగితాలతోనే ఏదైనా చేద్దామని అనుకుంటున్నా. డెకరేషన్ చేసేవాళ్ళని ఒకరిని అడిగితే నాలుగున్నర వేలు చెప్పారు, అది కూడా బుడగలతోనే. కాగితాలతో చేస్తారా అంటే "అట్లాంటివి మేం చెయ్యం మేడమ్" అని ఫోన్ పెట్టేశారు.

నేను పెట్టగలిగింది ఐదొందలు. హాలు చిన్నది. ఓనర్ ఆంటీ మేకులు కొట్టనివ్వరు, టేపు అంటిస్తే పెయింటు లేచొస్తుందని అదీ వద్దంటారు. ఈ మే నెల ఎండలకి ఫ్యాన్ ఆపే మాటే లేదు. పాపకేమో సీతాకోకచిలుకలు కావాలంట. వీడియోల్లో చూస్తే అందరూ గ్లూ గన్, కటింగ్ మిషన్ అంటున్నారు. నా దగ్గరున్నది కత్తెర, స్టాప్లర్. చేతిపని కూడా నాకు అంతంతమాత్రం. రాత్రి పాప పడుకున్నాక గంటసేపు కూర్చోగలను, అంతే. కొంచెం టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

బైరాగిపట్టెడ బ్యాచిలర్:

అక్కా, ఎందుకంత కష్టం? ఆన్‌లైన్‌లో మెరుపు కర్టెన్లు, హ్యాపీ బర్త్‌డే బ్యానర్ కలిపి సెట్టు మూడొందలకే వస్తుంది. ఐదు నిమిషాల పని. మొన్న మా రూమ్మేట్‌కి అదే కట్టాం.

టీచరమ్మ, చిత్తూరు:

బాబూ, ఆ మెరుపు కర్టెన్ గోడకి దేంతో అంటించారో చెప్పలేదు. ఆ అమ్మాయి ఇంట్లో టేపు కుదరదు కదా.

అమ్మా, నేను రిటైరయ్యేదాకా చిత్తూరు చుట్టుపక్కల గవర్నమెంటు బడుల్లోనే పనిచేశాను. ఆగస్టు 15 వచ్చినా జనవరి 26 వచ్చినా బడంతా రంగు కాగితాల తోరణాలు కట్టించే పని నాకే పడేది. దానికని ఎవరూ పైసా ఇచ్చేవాళ్ళు కాదు. కాబట్టి నీ ఐదొందల గురించి దిగులు పెట్టుకోవద్దు, అందులో సగం మిగులుతుంది.

ముందు ఒక మాట. హాలంతా నింపాలని చూడొద్దు. కేకు పెట్టే బల్ల వెనక గోడ ఒక్కటి చూసుకో, చాలు. ఫోటోల్లో పడేది అదే. నాలుగు గోడలకీ తలా కొంచెం కట్టితే ఏదీ కంటికి ఆనదు.

గోడకి ఏదీ అంటించే పనే లేదు. కిటికీ గ్రిల్లు నుంచి అవతలి వైపు కర్టెన్ రాడ్‌కో, తలుపు పైగొళ్ళానికో పురికొస లాగి కట్టు. అన్నీ దానికే వేలాడతాయి. పురికొసని ముందే బాగా బిగించాలి. కాగితాలు ఎక్కాక బిగిద్దామంటే చిరుగుతాయి.

ఇప్పుడు జెండాలు. 'పుట్టినరోజు శుభాకాంక్షలు' రాస్తే సరిగ్గా పది అక్షరాలు, పది జెండాలు. డ్రాయింగ్ చార్టు 22 అంగుళాలు, 28 అంగుళాలు ఉంటుంది. పొడుగుని నాలుగు భాగాలు, వెడల్పుని రెండు భాగాలు చేస్తే ఎనిమిది ముక్కలొస్తాయి. రెండు చార్టులకి పదహారు. మిగిలిన ఆరింటి మీద పాప పేరు రాసుకో. ప్రతి ముక్కకీ కింద అంచున 'వి' ఆకారంలో ఒక గాటు పెడితే జెండా అయిపోతుంది. పై అంచు వేలెడు మందం మడిచి, పురికొస మీద వేసి, రెండు పక్కలా స్టాప్లర్ కొట్టు. అక్షరాలు కత్తిరించి అంటించాలని మాత్రం పోవద్దు. 'పు' కత్తిరిస్తే తలకట్టు ఒక చోట, ఒళ్ళు ఒక చోట పడుతుంది. లావు మార్కర్‌తో రాసెయ్, బాగుంటుంది.

జెండాల కింద గుండ్రటి విసనకర్రలు. రంగు ఏ4 కాగితాన్ని వేలు వెడల్పున ముందుకొకటి వెనక్కొకటి మడతలు పెడుతూ పో, చివరికి జానెడు పొడుగు పట్టీ అవుతుంది. దాన్ని మధ్యలో దారంతో కట్టి, రెండు కొసలూ ఒకే వైపుకి తెచ్చి అంటిస్తే విసనకర్ర. ఇట్లాంటివి రెండు కలిపితే నిండు చక్రం. ఒక్క కాగితంతోనే చక్రం తిప్పాలని చూస్తే మడతలు విచ్చుకుపోయి ఎక్కడో ఒకచోట సందు ఉండిపోతుంది. మడతల్ని గోరుతో కాకుండా స్టీలు గ్లాసు అడుగుతో రుద్దు, పదునుగా వస్తాయి.

సీతాకోకచిలుకలు ఇంకా తేలిక. ఒక ఏ4 లోనే 15 సెంటీమీటర్ల చదరం ఒకటి, మిగిలినదాంట్లో 12 సెంటీమీటర్ల చదరం ఒకటి వస్తాయి. ఒక్కోదాన్ని ఒక మూల నుంచి ఎదురు మూలకి సన్నగా మడతలు పెట్టు. పెద్దది పైరెక్కలు, చిన్నది కిందిరెక్కలు. రెండిటినీ నడుమ దగ్గర ఆనించి నల్లదారంతో గట్టిగా ముడేసి, రెక్కలు విప్పదీయి. ముడి దగ్గర మిగిలిన దారాలే మీసాలు. మా ఐదో తరగతి పిల్లలు మాట్లాడుకుంటూనే చేసేసేవాళ్ళు. నీకు చేతిపని రాదన్న మాట నేను ఒప్పుకోను.

జిగురు కొనొద్దు. గ్లాసు నీళ్ళకి రెండు పెద్ద స్పూన్ల మైదా. చన్నీళ్ళలోనే ఉండలు లేకుండా కలిపి, ఆ తర్వాత సన్నసెగ మీద పెట్టి తిప్పుతూ ఉండు. తెల్లదనం పోయి నిగనిగలాడుతుంది, స్పూనుకి పట్టుకుంటుంది. అప్పుడు దించెయ్. ఈ ఎండలకి మర్నాటికే పులుస్తుంది, ఏ రాత్రిది ఆ రాత్రే కాచుకో. పోస్టర్లు అంటించేవాళ్ళు నిలవుండాలని అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో దాని జోలికి పోవద్దు.

మామిడితోట, బంగారుపాళ్యం:

టీచరమ్మగారు చెప్పింది బాగుంది. నాదొక చిన్న మాట. ఇంట్లో పాత పెళ్ళిపత్రికల కట్ట ఉంటుంది కదా, ఆ అట్ట మందంగా, మెరుస్తూ ఉంటుంది. చక్రాల నడుమ అంటించే బిళ్ళలకి అంతకన్నా మంచిది దొరకదు. స్వామి, అమ్మవారు, వినాయకుడు ఉన్న ముక్క మాత్రం తీసి పక్కన పెట్టండి. కత్తెర ఆ వైపు పోయిందంటే మా అవ్వ పుట్టినరోజని కూడా చూడదు. టీటీడీ క్యాలెండర్‌దీ అదే సంగతి, పాతదైనా ముట్టుకోనివ్వరు.

గుమ్మానికి కాగితం ఎందుకు? మావిడాకులు కట్టండి, మన వైపు వాటికి కరువా.

బైరాగిపట్టెడ బ్యాచిలర్:

ఒప్పుకుంటున్నా టీచరమ్మా, మేం టేపుతోనే అంటించాం. అక్కా, కలర్ పేపర్లు సూపర్‌మార్కెట్లో కొనొద్దు, ప్యాకెట్‌లో పదో పన్నెండో ఇస్తారు. గాంధీ రోడ్డు వైపు స్టేషనరీ కొట్లలో విడిగా అడగండి. ఒక్కో రంగు ఎన్ని కావాలో అన్నే ఇస్తారు.

కొర్లగుంట అమ్మ:

టీచరమ్మా, రాత్రి ఒక సీతాకోకచిలుక చేసి చూశాను, వచ్చింది! పొద్దున లేచి చూసి మా పాప దాన్ని స్కూల్ బ్యాగుకి కట్టించుకుంది. ఒక డౌటు. వీటిని పురికొసకి దారాలతో వేలాడదీస్తే ఫ్యాన్ గాలికి చిక్కు పడవా? ఇంకోటి, క్రేప్ కాగితం పూలు కూడా చేయమంటారా?

టీచరమ్మ, చిత్తూరు:

క్రేప్ వద్దమ్మా. చెమట చేత్తో పట్టుకుంటే రంగు దిగుతుంది, తెల్ల గౌను వేశావంటే ఇంక అంతే.

దారం జానెడు మించితే చిక్కు పడతాయి. అందుకని బెత్తెడు, జానెడు మధ్యలోనే ఉంచు. ఒకదానికొకటి రెండు జానల ఎడం ఇవ్వు. అంత ఎడంలో ఉంటే గాలికి రెక్కలు ఊగుతాయి కానీ మెలిక పడవు. పాపకి అదే నచ్చుతుంది, చూడు.

కేకు బల్లని మాత్రం గోడ నుంచి రెండడుగులు ముందుకి జరుపు. కొవ్వొత్తి వెలిగించేటప్పుడు ఫ్యాన్ కట్టెయ్, పాప ఊదేశాక మళ్ళీ వేసుకోవచ్చు. రవ్వలు చిమ్మే కొవ్వొత్తి కేకుతో పాటు ఇస్తే తీసి పక్కన పడెయ్.