ముసురు పట్టినప్పటి నుంచి ఎయిర్ రైఫిల్ గ్రూప్ చెదిరిపోతోంది, ఏం చూడాలి?

ప్రశ్న (హన్మకొండ కొత్త షూటర్):
పది మీటర్ల మ్యాచ్ ఎయిర్ రైఫిల్, సిలిండర్‌లో గాలి నింపేది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఎండాకాలంలో ఐదు పెల్లెట్లు ఒకే చిల్లులో పడేవి, ఇప్పుడు తలోదిక్కు పోతున్నాయి. యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు పౌడర్ తూచి తూటాలు సొంతంగా చేసుకుంటున్నారు కదా, అలా మనం పెల్లెట్లు తూచి వేరు చేసుకుంటే లాభం ఉంటుందా? ఖాళీ .22 తూటా కేసులు ఇంట్లోనే మళ్లీ నింపుకోవచ్చని ఒకాయన అంటున్నాడు, నిజమేనా?

జవాబు (భద్రకాళి చెరువు పక్కన):
తమ్మీ, ముందు ఆ .22 ముచ్చట తెంపేద్దాం. దాంట్లో పేలే మందు కేసు అంచులోనే ఉంటుంది, పిన్ను తగలగానే ఆ అంచు నొక్కుకుపోతుంది. సెంటర్‌ఫైర్ కేసులాగా అడుగున నడిమధ్యలో ఉండే పాత ప్రైమర్ (పేలే మందు బిళ్ల) తీసి కొత్తది పెట్టే వీలు లేదు. పైగా లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. ఆ పెద్దమనిషితో క్రికెట్ గురించి మాట్లాడుకో, చాలు.

పెల్లెట్లు తూచడం ఆఖరున చేసే పని. మ్యాచ్ పెల్లెట్ అర గ్రాము పైచిలుకు ఉంటుంది, మంచి డబ్బాలో తూకం తేడా పది మీటర్లలో కార్డు మీద కనబడదు. కనబడేది స్కర్ట్ సొట్ట. సీసం మెత్తన, డబ్బా జారిపడితే చాలు, వెనక అంచు వంకరపోతుంది. తెల్ల కాగితం మీద పోసి ఒక్కొక్కటీ తిప్పి చూడు. పెల్లెట్ తల సైజు 4.49 మిల్లీమీటర్లు నప్పుతుందో 4.50 నప్పుతుందో నీ బ్యారెల్‌తో కాల్చి చూస్తేనే తెలుస్తుంది. నప్పిన లాట్ (ఒకే విడతలో తయారైనవి) దొరికితే సీజన్‌కు సరిపడా తెచ్చిపెట్టుకో.

అయితే వానలకే మారిందంటున్నావు కాబట్టి నా అనుమానం స్టాక్ మీద, అంటే భుజానికి ఆనించే రైఫిల్ పిడి మీద. చెక్కదైతే తేమ పీల్చి ఉబ్బుతుంది, స్క్రూల బిగువు మారిపోతుంది. మాన్యువల్‌లో చెప్పినంతే టార్క్ రెంచితో బిగించు. డయాప్టర్ (గురి చూసే వెనక సైట్) స్క్రూలు కూడా చూడు. బ్యారెల్ లోపల తుడవడానికి ఫెల్ట్ (మెత్తటి ఉన్ని) పెల్లెట్లు చాలు. మనవాళ్లు చాలామంది కుట్టుమిషన్ నూనె కారుస్తారు. బయటి ఇనుముకు పల్చగా తుడిస్తే సరే, లోపల మిగిలితే మొదటి షాట్లు ఎటుపోతాయో తెలియదు. గాలి నింపే వాల్వ్ దగ్గరికి దాన్ని అసలే రానీయకు, అంత ఒత్తిడిలో నూనె అంటుకునే ప్రమాదం ఉంది.

మా ఇంట్లో ఈ నెలల్లో ఉప్పు డబ్బా కూడా చెమ్మ పడుతుంది. అందుకే రైఫిల్‌ను ఫోమ్ కేసులో ఉంచను, ఫోమ్ తేమను పట్టి ఉంచుతుంది. తాళం వేసిన బీరువాలో, పక్కన సిలికా జెల్ సంచులు.

జవాబు (కరీంనగర్ నుంచి):
అన్న చెప్పింది కరెక్ట్. స్ప్రింగ్ రైఫిల్ వాళ్లకు ఇంకో మాట: పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కకండి, పిస్టన్ సీల్ పోతుంది. తమ్ముడూ, సెకండ్ హ్యాండ్ అన్నావు కదా, సిలిండర్ మీద తేదీ చూశావా?

ప్రశ్న అడిగినవారు:
స్టాక్ ముందువైపు స్క్రూ పావు చుట్టు తిరిగింది అన్నా! గ్రూప్ మళ్లీ దగ్గరికొచ్చింది. సిలిండర్ మీద 2013 అని ఉంది.

జవాబు (భద్రకాళి చెరువు పక్కన):
జర్మన్ మ్యాచ్ రైఫిళ్ల సిలిండర్లకు మామూలుగా పదేళ్లే గడువు. లోపల ఉండేది 200 బార్ ఒత్తిడితో ఉన్న గాలి. దాంతో ఇక కాల్చకు. మాన్యువల్‌లో చెప్పినట్టు గాలి వదిలేసి పక్కన పెట్టు, నీ మోడల్ పేరు ఇక్కడ రాయి, కొత్త సిలిండర్ ఎక్కడ దొరుకుతుందో చూద్దాం.