తిమింగలంలో ‘మింగు’ ఉందా?

మొన్న చెన్నై బీసెంట్ నగర్ తీరంలో నడుస్తుంటే నైలాను వల ముక్క ఒకటి కాలికి చుట్టుకుంది. ఇలాంటివాటికి చిక్కి తిమింగలాలు కూడా చస్తాయని మనవరాలికి చెప్పాను. “అన్నీ మింగుతుంది కనుక తిమింగలమా తాతయ్యా?” అంది. తమిళంలోనూ అది తిమింగలమే, కానీ మింగడాన్ని వాళ్ళు ‘విళుంగు’ అంటారు. ఇంట్లో తెలుగు వినే పిల్లకే వచ్చే అనుమానం ఇది. పెద్దలు తీర్చగలరా?

— మాట సంస్కృతానిది. తిమి అంటే మహామత్స్యం. ‘తిమిం గిలతి’, తిమిని మింగేది, తిమింగిలం. మింగడం ‘గిల’లో ఉంది, ‘మిం’లో కాదు. దాన్నీ మింగేదానికి తిమింగిలగిలం అని ఇంకో పేరు! పైగా మన మింగు పాత రూపం మ్రింగు. పోతన “మ్రింగెడివాడు విభుండని” అన్నాడు కదా.

— వ్యుత్పత్తి సరే, పత్రికల క్రియ సంగతి చూడండి. 2018 నవంబరులో ఇండోనేసియాలోని వాకతోబి దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన స్పెర్మ్ తిమింగలం కడుపులో 5.9 కిలోల ప్లాస్టిక్ దొరికింది: 115 గ్లాసులు, 25 సంచులు, రెండు చెప్పులు, ఇంకా బోలెడు తాళ్ళు. కళేబరం కుళ్ళిపోవడంతో చావుకు అదే కారణమని తేల్చలేకపోయారు. ఇలాంటి వార్తల్లో ‘ప్లాస్టిక్ తిన్న తిమింగలం’ అని రాస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తినడానికి రుచి, నమలడం ఉండాలి. ఆ జీవి చీకటి లోతుల్లో చప్పుడు చేసి, ప్రతిధ్వనిని బట్టి మెత్తటి ఒంటి సముద్రజీవి అయిన స్క్విడ్‌ను పోల్చుకుని, నమలకుండా లోపలికి పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ సంచి నుంచీ అలాంటి ప్రతిధ్వనే రావచ్చని పరిశోధకులు అంటున్నారు. కనుక ‘మింగిన’ అనాలి. అరగని చెత్తతో కడుపు నిండితే ఆహారానికి చోటుండదు. నిండు కడుపుతో ఆకలిచావు.

— మన పత్రికల్లో తిమింగలాలు దొరికేది ఏసీబీ వలలోనే లెండి!

— నవ్వొచ్చింది కానీ, అసలు వల సంగతి వేరు. పడవవాళ్ళు పోగొట్టుకున్న వల ఏళ్ళ తరబడి నీళ్ళలో తిరుగుతూ దొరికినదాన్నల్లా పడుతూనే ఉంటుంది. డాల్ఫిన్ చేప కాదు, ఊపిరికి పైకి రావాలి. వలలో చిక్కితే ఊపిరాడక పోతుంది. ఆ వలలకు తెలుగులో ఏమనాలి? ‘దయ్యపు వల’ అని ఒకచోట చూశాను. నాకు నచ్చలేదు, తప్పు దయ్యం మీదికి పోతుంది.

— ‘దిక్కులేని వల’?

— దానికి దిక్కు ఉండేది, వదిలేసి వెళ్ళారు. ‘వదిలేసిన వల’ చాలు.

— అందరికీ కృతజ్ఞతలు. మ్రింగు సంగతి మనవరాలికి చెప్పాను. “అయితే తిమ్రింగలం అనాలి” అని తీర్మానించింది.