మొదటి ఇచికావా డాంజూరో: ఆ రౌద్రం ఎక్కడిది?

ప్రశ్న: జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకీలో అరగోతో, అంటే వీరరౌద్ర నటన, మొదటి డాంజూరోతోనే మొదలైందంటారు. కుమదోరి ముఖరేఖలూ ఆయనవేనా?

జవాబు 1: అరగోతోకు మూలం ఎదో (ఇప్పటి టోక్యో) నగరంలో కిన్‌పిరా అనే కథావీరుడి మీద ఆడిన బొమ్మలాటలు. 1673లో నకమురా-జా అనే నాటకశాలలో, పదమూడేళ్లకే, డాంజూరో ఎరుపు నలుపు రంగులతో పురాణవీరుడు సకాతా కింతోకి వేషం కట్టాడని సంప్రదాయం. మిమసుయా హ్యోగో పేరుతో నాటకాలూ రాశాడు. ఈ సంగతి చాలామంది వదిలేస్తారు, అన్యాయం!

జవాబు 2: కుమదోరిని తీర్చిదిద్దింది కొడుకు, రెండో డాంజూరో. ముందు తెల్లరంగు పూస్తారు. కండరాల వెంబడి గీత గీసి, ఒక అంచునే వేలితో చెదరగొడతారు. రెండంచులూ పదునుగా వదిలేస్తే కండ ఉబ్బినట్టు కనిపించదు, గీత గీతలాగే మిగిలిపోతుంది. ఎరుపు వీరుడికి, నీలం దుష్టుడికి.

జవాబు 3: అదే కాలంలో క్యోటోలో సకాతా తోజూరో అనే నటుడిది సుకుమారమైన వగోతో శైలి. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. డాంజూరోను 1704లో ఇచిమురా-జాలో తోటి నటుడు ఇకుషిమా హన్‌రోకు పొడిచి చంపాడు.