కాలేజీ లైబ్రరీలో ఈ వారోత్సవాలు అవసరమా? అదీ రీడింగ్ హాలు మూసి మరీ?

రూమ్ నంబర్ 14:
సూటిగా అడుగుతున్నాను. మాది కోస్తాలో ఒక డిగ్రీ కాలేజీ. పేరు చెప్పను, చెబితే నా హాల్ టికెట్‌కి తిప్పలు. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. మంచిదే. కానీ ఆ వారంలో మూడు రోజులు రీడింగ్ హాలు మాకు లేకుండా పోయింది. ఒక రోజు ముగ్గుల పోటీ, ఒక రోజు క్విజ్, ఒక రోజు ముఖ్య అతిథి ఉపన్యాసం. ముగ్గులకి నేల కావాలని హాల్లో ఉన్న 80 కుర్చీలూ బయటికి మోయించారు, తర్వాత అవే అతిథి గారి కోసం సెమినార్ హాలుకి పోయాయి. మోసింది మేమే. సెమిస్టర్ పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి. హాస్టల్ గదిలో ఆరుగురం, ఒక్క ట్యూబ్‌లైటు. ఉన్న ఒక్క చోటూ మూసేసి తలుపు మీద ‘పుస్తకం హస్తభూషణం’ అని బ్యానర్ కట్టారు. నన్నడిగితే లైబ్రరీకి ఏ ఈవెంటూ అక్కర్లేదు. తలుపు తీసి, ఫ్యాన్ వేసి, నోరు మూసుకుంటే చాలు. అన్నట్టు సాయంత్రం 5కి తాళం వెయ్యకుండా 8 దాకా ఉంచితే అదే పెద్ద ఉత్సవం.

వెనక బెంచీ:
80 కుర్చీలా? మా కాలేజీలో మొత్తం 30 ఉండేవి. మీరు రాజులు తమ్ముడూ.

కార్డు కేటలాగ్:
‘నోరు మూసుకుంటే చాలు’ అన్నది నన్ను కాదని తెలుసు, అయినా తగిలింది. 26 ఏళ్లుగా ఒక ఎయిడెడ్ కాలేజీలో లైబ్రేరియన్‌ని.

బాబూ, మన దగ్గర గ్రంథాలయం అన్నది తలుపు తీసి కూర్చుంటే ఎదిగింది కాదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి లాంటివాళ్లు ఊరూరి లైబ్రరీలవాళ్లనీ పిలిచి సభ పెట్టారు, సంఘం కట్టారు. అదీ ఈవెంటే. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు పంపించారు. ప్రయాణికులు చదువుకుంటూ పోయేవాళ్లు. పాఠకుడు రాకపోతే పుస్తకమే వెళ్లాలని వాళ్ల ఆలోచన. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన రంగనాథన్ గారు లైబ్రరీల కోసం 1931లో రాసిన అయిదు సూత్రాల్లో మూడోది అదే: ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉంటాడు. పుస్తకం తనంతట తాను లేచి వాణ్ణి వెతుక్కోలేదు కదా. ఎవరో ఒకరు పరిచయం చెయ్యాలి. పుస్తక ప్రదర్శన, క్విజ్, కొత్త పుస్తకాల మీద పది నిమిషాల మాట, ఇవన్నీ ఆ పరిచయాలే. ముగ్గుల సంగతి నేను సమర్థించను.

రూమ్ నంబర్ 14:
సార్, పడవలో పుస్తకాలు ఇచ్చారు. మా దగ్గర ముగ్గు పిండి ఇచ్చారు. రెండూ ఒకటెలా అవుతాయి? మూడో సూత్రం చెప్పి నాలుగోది వదిలేశారు. పాఠకుడి సమయం ఆదా చెయ్యాలి. నాకు మూడు రోజులు పోయాయి.
ఇంతకీ మీరు మా సార్ కాదు కదా?

కార్డు కేటలాగ్:
కాదు. మాది సీమ. పైగా 80 కుర్చీలున్న లైబ్రరీని నేను కలలో కూడా చూడలేదు.
నాలుగో సూత్రం మీకెలా తెలుసు?

రూమ్ నంబర్ 14:
క్విజ్‌లో అడిగారు.

కార్డు కేటలాగ్:
మరి!

వెనక బెంచీ:
😂 తమ్ముడు దొరికిపోయాడు.

కెమిస్ట్రీ మేడం:
ఎవరూ ముట్టుకోని సంగతి నేను చెబుతాను. మా కాలేజీలో న్యాక్ (కాలేజీలని పరిశీలించి గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైళ్లు నా నెత్తిమీదే ఉంటాయి. మేం గ్రేడుకి వెళ్లినప్పటి వాళ్ల మాన్యువల్‌లో నాలుగో క్రైటీరియన్ కింద 4.2 అంతా లైబ్రరీయే. రోజుకి ఎంతమంది అధ్యాపకులు, విద్యార్థులు లైబ్రరీ వాడుతున్నారో గేటు రిజిస్టర్ చూపించి లెక్క చెప్పాలి. ఆన్‌లైన్ లాగిన్ల లెక్క వేరే. వీటికి తోడు ఏ కార్యక్రమం చేసినా జియోట్యాగ్ ఫొటో, అంటే ఎక్కడ తీశారో నమోదైన ఫొటో, ఫైల్లో ఉండాల్సిందే. ముగ్గుల పోటీ ఫొటోలో నలభై మంది కనిపిస్తారు, పక్కన ప్రిన్సిపాల్ గారు కూడా. మూల కుర్చీలో కూర్చుని చదువుకునే పిల్లవాడి ఫొటోలో వాడొక్కడే, అదీ వీపు. ఏ ఫొటో పెడతాం చెప్పండి?

పనికొచ్చే కార్యక్రమాలు లేవని కాదు. ఎన్-లిస్ట్ అని గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూజీసీ కింద లైబ్రరీల కోసం పనిచేసే కేంద్రం) వాళ్ల ఆన్‌లైన్ సర్వీసు ఉంది. కాలేజీ సభ్యత్వం తీసుకుంటే (మేం కట్టినప్పుడు ఏడాదికి పన్నుతో కలిపి 5,900) విద్యార్థులకి ఎవరి లాగిన్ వాళ్లకి ఇవ్వొచ్చు. వేల జర్నల్స్, లక్షకి పైగా ఈ-బుక్స్ ఇంటి దగ్గర నుంచే చదువుకోవచ్చు. అది ఎలా వాడాలో చూపించడానికి ఒక మధ్యాహ్నం పెట్టాను. ఏడుగురు వచ్చారు. అందులో ఇద్దరు ఏసీ కోసం. ఆ మర్నాడు వక్తృత్వ పోటీకి హాలు పట్టలేదు. కాబట్టి అంతా మేనేజ్‌మెంట్ తప్పే అనకండి పిల్లలూ.

చిక్కడపల్లి చెట్టుకింద:
అన్నా, ఒక్కసారి హైదరాబాద్ వచ్చి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చూడండి. గ్రూప్స్‌కి చదివేటోళ్లు టిఫిన్ బాక్సుతో పొద్దున్నే దిగుతారు. మాలో చాలామంది చదివేది సొంత పుస్తకాలే. మమ్మల్ని ఎవరూ ఈవెంట్ పెట్టి పిలవలేదు. కుర్చీ కోసం వస్తాం, నిశ్శబ్దం కోసం వస్తాం. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు పోతుంది, అందుకే అది మాది అనిపిస్తది. మీ కాలేజీవాళ్లు కూడా ఫీజులో లైబ్రరీ పేరు చెప్పి తీసుకుంటారు కదా. ఆ లెక్కన హాలు మూసే హక్కు వాళ్లకి లేదు.

కార్డు కేటలాగ్:
ఇదే నేను అన్నది! మీకు కావాల్సింది లైబ్రరీ కాదు. కుర్చీ, ఫ్యాను, ఫోన్‌కి ప్లగ్గు. దానికి కల్యాణ మండపం చాలు. నా దగ్గర 22 వేల పుస్తకాలున్నాయి. హాలు నిండా పిల్లలే, కౌంటర్ దగ్గర నేనూ మా అటెండరూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చుంటాం. నిరుడు జూలైలో ఒకమ్మాయి వచ్చి కథల పుస్తకం ఏదైనా ఇవ్వండి సార్ అంటే నాకు చేతులు ఆడలేదు. ఏది ఇవ్వాలో తెలియక నాలుగు ఇచ్చాను, కార్డుకి రెండే అయినా. ఒక్కొక్క పుస్తకానికీ నంబరు వేసి, స్టాంపు కొట్టి, అట్ట వేసి పెట్టినవాణ్ణి. అందుకే ఈవెంట్ చేస్తాను. కనీసం ఆ వారమైనా అల్మరా వైపు చూస్తారని.

రూమ్ నంబర్ 14:
చూస్తాం సార్. అద్దంలోంచి. అల్మరాలకి తాళాలు కదా.

మీరు మా సార్ కాకపోయినా చెబుతాను. ఫస్టియర్‌లో ఎకనామిక్స్ పుస్తకం ఒకటి అడిగాను. స్లిప్పు రాయమన్నారు. రచయిత పేరు తెలియక ఖాళీ వదిలాను. ‘పేరు కూడా తెలియకుండా వచ్చావా, గైడు కొనుక్కో’ అని అందరి ముందూ అన్నారు. మా నాన్న ఐస్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. గైడు 280 రూపాయలు. ఆ రోజు నుంచి నేను కౌంటర్ దగ్గరికి వెళ్లలేదు, మూడేళ్లు. లోపల ఏముందో కళ్లతో చూడనివ్వకుండా ఏం అడగమంటారు? క్విజ్‌లో మొదటి సూత్రం కూడా వచ్చింది సార్: పుస్తకాలు ఉన్నది వాడటానికి. మీ 22 వేలూ మాకోసం కాదు, స్టాక్ రిజిస్టర్ కోసం. కుర్చీ ఒక్కటే తాళం లేకుండా ఉంది, అందుకే దాని మీద కూర్చున్నాం. దాన్ని కూడా పట్టుకుపోయారు.

వెనక బెంచీ:
ఇంతకీ కుర్చీలు వెనక్కి వచ్చాయా లేదా? అది చెప్పరేం ఎవరూ.

సాయంత్రం బస్సు:
నేనొక మాట అనొచ్చా? రాత్రి 8 దాకా తెరవాలన్నారు. మా ఊరి బస్సు 5.10కి. అది తప్పితే నాన్న బండి వేసుకుని 22 కిలోమీటర్లు రావాలి. మాకు ఖాళీ దొరికేది లంచ్ అవర్ ఒక్కటే. సరిగ్గా అప్పుడే ‘భోజన విరామం’ బోర్డు పెడతారు. ఇంకోటి, వ్యాసరచన పోటీలో నాకు బహుమతిగా వచ్చిన పుస్తకమే మా ఇంట్లో పాఠ్యపుస్తకం కాని మొదటి పుస్తకం. పోటీలు తీసెయ్యకండి.

రూమ్ నంబర్ 14:
లంచ్ సంగతి సరే అండీ, ఇప్పుడు విషయం అది కాదు.

సాయంత్రం బస్సు:
ఎప్పుడూ కాదులెండి.

కార్డు కేటలాగ్:
తాళం సంగతి ఎత్తారు కాబట్టి చెబుతాను. రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను.

2011లో నేను తాళాలు తీసేశాను. ఎవరికి కావాల్సింది వాళ్లే ర్యాకులో చూసి తీసుకోండి అన్నాను. ఆ రెండేళ్లూ నా ఉద్యోగంలో బంగారం. పిల్లలు నేల మీద కూర్చుని పుస్తకాలు తిరగేసేవాళ్లు, అడగకుండానే. 2013లో స్టాక్ వెరిఫికేషన్ పెట్టారు. 143 పుస్తకాలు లేవు. కమిటీ ‘లైబ్రేరియన్ అజాగ్రత్త’ అని ఒక్క ముక్క రాసింది. పదకొండు నెలలు నా జీతంలో కోత. ఆ ఏడాది మా అమ్మాయి ఇంటర్ ఫీజు అప్పు తెచ్చి కట్టాను. నాకు ముందు పనిచేసినాయనకి రిటైరయ్యాక నో డ్యూస్ (బాకీ ఏమీ లేదనే కాగితం) ఇవ్వలేదు, పెన్షన్ కాగితాలు ఏడాది పైగా కదల్లేదు. అది కళ్లారా చూసినవాణ్ణి. పన్నెండో నెల మొదటి రోజు వెళ్లి తాళాలు కొన్నాను. నా డబ్బుతోనే.

వారోత్సవం చేస్తే ఒక్క పుస్తకం కూడా పోదు బాబూ. ఫొటో వస్తుంది, ప్రిన్సిపాల్ గారు శాలువా కప్పుతారు. పుస్తకం చేతికిస్తే నా జీతం పోతుంది. మీరైతే ఏం చేస్తారు?

చిక్కడపల్లి చెట్టుకింద:
ఇది మొదట్లోనే చెప్పాల్సింది సార్. రంగనాథన్ దాకా ఎందుకు పోయిన్రు?

కెమిస్ట్రీ మేడం:
సార్, దీనికి కాగితం మీద దారి ఉంది. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017, రూల్ 215. ఏడాదిలో ఇష్యూ అయిన, లేదా లైబ్రరీలోనే చూసిన ప్రతి వెయ్యి పుస్తకాలకి అయిదు దాకా పోతే మామూలు నష్టమే అంటుంది, నిర్లక్ష్యమో మోసమో లేకపోతే. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. గమనించారా, లెక్క వేసేది లైబ్రరీలో ఉన్న పుస్తకాల మీద కాదు, తిరిగిన పుస్తకాల మీద. తాళం వేసిన లైబ్రరీలో ఒక్కటి పోయినా తప్పే. రోజుకి వంద చేతులు మారే చోట ఏడాది పొడవునా పోయేవాటికి చోటుంది. పిల్లలు చూసి టేబుళ్ల మీద వదిలేసిన పుస్తకాలు కూడా మీరు రోజూ లెక్కపెట్టి రిజిస్టర్‌లో రాసి ఉంటే బాగుండేది.

కార్డు కేటలాగ్:
2017 రూల్‌కి ముందున్న రూల్స్‌లో కూడా ఈ మాట ఉంది మేడం, ఆ జిరాక్సే పట్టుకెళ్లి మా సెక్రటరీ గారికి చూపించాను. ‘ఇది ఢిల్లీవాళ్లది, మన ట్రస్టుది కాదు’ అన్నారు. ఆ జిరాక్స్ ఇప్పటికీ సొరుగులో ఉంది.

రూమ్ నంబర్ 14:
జీతం కొయ్యడం అన్యాయం సార్. నిజంగా. మా సార్‌కి కూడా ఇలాంటిదేదో అయ్యుంటుందని ఇప్పటిదాకా అనుకోలేదు. కానీ 2013లో నేను మూడో తరగతి. ఆ 143లో ఒక్కటీ నేను తియ్యలేదు. తాళం మాత్రం నాకు పడింది.

కార్డు కేటలాగ్:
మీరు తియ్యలేదు. తీసింది ఎవరో నాకు తెలియదు. అందుకే అందరికీ పడింది.

రూమ్ నంబర్ 14:
మరి మీ జీతం కోసినవాళ్ల పేరు మీకు తెలుసు కదా సార్. వాళ్ల గదికి ఎవరూ తాళం వెయ్యలేదు.

కార్డు కేటలాగ్:
నాకింకా నాలుగేళ్ల సర్వీసుంది.

వెనక బెంచీ:
నేనొకటి ఒప్పుకోవాలి. మా కాలేజీ లైబ్రరీ పుస్తకం ఒకటి ఇంట్లో ఉంది. ఫిజిక్స్. 2009లో తీసుకున్నా. టీసీకి వెళ్తే పోయిందని చెప్పి ఫైన్ కట్టేశా, 60 రూపాయలు. నిజానికి పోలేదు, నచ్చి ఉంచుకున్నా.

కార్డు కేటలాగ్:
యాక్సెషన్ నంబర్ ఎంత? అదే, స్టాక్ రిజిస్టర్‌లో ఆ పుస్తకానికి ఇచ్చే నంబరు.

వెనక బెంచీ:
మొదటి పేజీ లేదు సార్. చింపింది నేను కాదు, మా తమ్ముడు.

కార్డు కేటలాగ్:
అందరూ తమ్ముళ్లే చింపుతారు. లైబ్రరీవాళ్లం నంబరు లోపల ఇంకో పేజీలో కూడా వేస్తాం, ఎవరికీ చెప్పం. ఒక్కో చోట ఒక్కో పేజీ. 17, 25, 51, 101 చూడండి. అడుగున.

వెనక బెంచీ:
51లో ఉంది సార్. ఊదారంగు సిరా.