పాపకు కుడి చెవి రంధ్రం మూసుకొని ఉంది: ఐదేళ్ళ వరకు ఆగవచ్చా?

పరకాల నుంచి ఒక తండ్రి:
నెల క్రితం పుట్టిన మా పాపకు కుడి చెవి స్థానంలో చిన్న కండ మాత్రమే ఉంది, రంధ్రం లేదు. ప్రసవమైన ఆసుపత్రిలో వినికిడి పరీక్ష చేసి ఎడమ చెవికి పాస్ అనీ, కుడి చెవికి మళ్ళీ చూపించాలనీ రాసిచ్చారు. గ్రహణం నాడు బయటికి వచ్చినందుకే ఇలా అయిందని పెద్దలు అనడంతో నా భార్య కుమిలిపోతోంది. ఐదేళ్ళు నిండాక ఆపరేషన్ చేయిస్తే సరిపోతుందా, ఇప్పుడే ఏమైనా చేయించాలా?

హనుమకొండ ఆడియాలజిస్ట్:
అన్నా, గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని ముందు మా చెల్లెకు చెప్పండి. చెవి ఆకారం గర్భంలో తొలి మూడు నెలల్లోనే ఏర్పడుతుంది. చాలామంది పిల్లల్లో ఈ లోపానికి కారణం తేలదు. లోపలి చెవి వేరుగా తయారవుతుంది కనుక, రంధ్రం మూసుకున్నా అది సాధారణంగా బాగానే ఉంటుంది.

ప్రసవమైన చోట చేసేది ఎక్కువగా ఓఏఈ పరీక్ష. రంధ్రంలో చిన్న మొన పెట్టి చేసే ఆ పరీక్ష, రంధ్రమే లేని చెవి సంగతి చెప్పలేదు. అందువల్ల పాపకు మూడు నెలలు నిండేలోపు, నిద్రలో ఉండగా, రెండు చెవులకూ బెరా పరీక్ష (శబ్దానికి వినికిడి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసేది) చేయించండి. కుడి చెవికి ఎముక ద్వారా కూడా శబ్దం పంపి చూడమని తప్పక అడగండి. ఇలాంటి చెవిలో వినికిడి సాధారణంగా 40 నుంచి 60 డెసిబెళ్ళ మేర తగ్గుతుంది. ఎడమ చెవి పాస్ అయినా వదిలేయవద్దు, ఎందుకంటే పాప మాటలు నేర్చుకోవడం ఇప్పుడు ప్రధానంగా దాని మీదే ఆధారపడి ఉంది.

ముందు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో అడగండి. ఎముక ద్వారా చేసే పరీక్ష అక్కడ కుదరకపోతే కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలోనో, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ వినికిడి సంస్థ కేంద్రంలోనో విచారించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరిధిలో పుట్టు చెవుడు కూడా ఉంది కనుక, మీ ఆశా కార్యకర్తకు చెప్పి పేరు రాయించండి.

జనగామ నుంచి ఒక తల్లి:
మా బాబుకు రెండు చెవులూ మూసుకొని ఉన్నాయి తమ్ముడూ. ఆరు నెలలు నిండకముందే తలకు మెత్తటి పట్టీతో, ఎముక ద్వారా వినిపించే యంత్రం పెట్టించాము. పెళ్ళిళ్ళలో అందరూ అదేమిటని అడిగేవారు. చెప్పి ఊరుకునేదాన్ని, పట్టీ మాత్రం తీయలేదు. ఇప్పుడు బాబు చక్కగా మాట్లాడుతున్నాడు. పాపకు మూసుకున్న చోట పుల్లతో గుచ్చడం, నూనె పోయడం ఎవరినీ చేయనివ్వకండి.

పరకాల నుంచి ఒక తండ్రి:
అక్కా, ధైర్యం చెప్పినందుకు కృతజ్ఞతలు. పరీక్ష ఈ నెలలోనే చేయిస్తాము. మరి ఆపరేషన్ ఎప్పుడు?

హనుమకొండ ఆడియాలజిస్ట్:
పక్కటెముక మృదులాస్థితో చెవి ఆకారం చేయాలంటే అది తగినంత పెరగాలి కనుక, సాధారణంగా ఆరేళ్ళు దాటాకే చేస్తారు. రంధ్రం తెరవడం అందరికీ కుదరదు. అది ఐదేళ్ళ ప్రాంతంలో తీసే సీటీ స్కాన్‌ను చూసి నిర్ణయిస్తారు. ఆపరేషన్ ఆగవచ్చు గానీ పరీక్ష ఆగకూడదు. పిల్లల డాక్టరుకు ముఖం, దవడ చూపించి, కిడ్నీల స్కాన్ అవసరమా అని అడగండి. జలుబు తగ్గకపోయినా, ఎడమ చెవి కారినా ఆ వారమే చూపించండి, బడిలో వేసినప్పుడు ఎడమ చెవి టీచరు వైపు ఉండేలా కూర్చోబెట్టమనండి.